పోశవ్వ చెప్పిన ఆకు పేరు

శనివారం పొద్దున భర్త సదానందం బొగ్గుబాయిలో మొదటి షిఫ్టుకు వెళ్లిపోయాక, రమ క్వార్టరు వెనక కూర్చుని పసరు మందు నూరుతోంది. నూరుతోందన్న మాటేగానీ చెయ్యి ఆడటం లేదు. అత్త పోశవ్వ మూడు రోజులుగా గోడవైపు తిరిగి పడుకుంది. చాయ తాగదు, బువ్వ ముట్టదు.

సెంటినరీ కాలనీలో పోశవ్వ మందు తెలియనివాళ్లు లేరు. బాయిలో చెమటకు, తడి బట్టలకు నడుము చుట్టూ తామర లేచిన కార్మికులు ప్రతి ఆదివారం ఆమె గుమ్మం ముందు కూర్చుంటారు. ఆమె పైసా తీసుకోదు. ఒక్కటే కట్టడి: ఆకు పేరు పైకి చెప్పకూడదు, చెబితే మందు చచ్చిపోతుంది. నలభై ఏళ్లు కన్నకొడుక్కైనా చెప్పలేదు. చూపు మందగించాక కోడలికి చెట్టును ముట్టి చూపించిందే తప్ప పేరు పలకలేదు.

అలాంటి మనిషి మనవరాలు హర్షిణి కోసం నోరు విప్పింది. కరీంనగర్‌లో ఎమ్మెస్సీ చదువుతున్న ఆ పిల్ల, తామర తెచ్చే ఫంగస్ మీద ఆకు పసర్లు ఎంతవరకు పనిచేస్తాయో చూసే ప్రాజెక్టు తీసుకుంది. పేరు రాయనిదే సారు ఒప్పుకోడని బతిమాలితే అవ్వ చెవిలో చెప్పింది. తీరా చూస్తే అది తంటెం, వానాకాలం ప్రతి మోరీ పక్కన మొలిచేదే.

గాజు పళ్లెంలో పెంచిన ఫంగస్ నడుమ తంటెం పసరు వేస్తే బఠానీ గింజంత మేరే చచ్చిందట. దవాఖాన మందు చుట్టూ రూపాయి బిళ్లంత ఖాళీ ఏర్పడింది. బుధవారం ఇంటికొచ్చిన హర్షిణి, లౌక్యం తెలియని పిల్ల, ఈ ఆకు ఒక్కటే తామరను తగ్గించలేదని అవ్వ ముందే చెప్పేసింది. తన నోరే మందును చంపిందని పోశవ్వ మంచం పట్టింది.

అసలు నిజం రమ ఒక్కతికే తెలుసు. రెండేళ్ల కింద మందు పని తన చేతికొచ్చిన కొత్తలో, సదానందంతో పనిచేసే నర్సింగం తామర తగ్గలేదని తిరిగొచ్చి, కోడలి చేతికి గుణం లేదని అందరి ముందూ నవ్వాడు. రమకు తల తీసేసినట్టయింది. ఆ సాయంత్రమే మెడికల్ షాపులో ట్యూబు మందు కొని పసరులో కలిపింది. నాలుగు రోజుల్లో ఎరుపు తగ్గింది, పేరు నిలబడింది. ఇక మానడానికి ధైర్యం చాలలేదు. తగ్గిన తామర మళ్లీ మళ్లీ లేస్తోంది, అదే మందు పూసుకుంటున్న సదానందానికైతే నడుము దాటి వీపంతా పాకింది. చెబితే అత్త పేరు పోతుంది. చెప్పకపోతే అత్తే పోయేలా ఉంది.

హర్షిణి మందు డబ్బా పట్టుకుని ఇంటి వెనక్కి వచ్చింది.

"అమ్మా, దీన్ని గూడ పరీక్ష చేస్త. ఉట్టి ఆకుతోని బాపుకు నాలుగు రోజులల్ల మంట తగ్గది. అవ్వ ఇందుల ఇంకేం కలుపుమంటది?"

రమ డబ్బా లాక్కుంది. ఇంటి పరువు బజారున పడేయడానికేనా నిన్ను చదివించింది అని కసిరింది. హర్షిణి కూడా గొంతు పెంచింది, అవ్వ ఇన్నేళ్లూ జనాన్ని మోసం చేసిందా అని అడిగేసింది.

ఆ మాట లోపలికి వినబడింది. పోశవ్వ గోడ పట్టుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మోసం జెయ్యలె బిడ్డా. పేరు జెప్పిన, గంతే. నా పాపానికి నేనే పోత."

రమ డబ్బా కింద పెట్టింది. అత్త పాదాల దగ్గర కూలబడి మొత్తం చెప్పేసింది. ఆ ట్యూబులో స్టెరాయిడ్ ఉంటుందని, పైకి ఎరుపు తగ్గించి లోపల తామరను పెంచుతుందని, బాపు వీపు అందుకే అట్లయిందని హర్షిణి ఏడుస్తూ చెప్పింది.

"నాకెందుకు చెప్పలేదే?" అని పోశవ్వ అడిగింది.

"నీ చెయ్యి నాకిచ్చినవ్ అత్తా. నా కాడికొచ్చి గుణం పోయిందంటే ఎట్ల బతకాలె?"

ముసలామె మనవరాలి వైపు తిరిగింది. "అయితే నేను పేరు జెప్పినందుకు కాదా?"

"కాదవ్వా. ఆకు చావలె. దాని బలమే గంత."

ఆ జవాబును పోశవ్వ రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుని, రేపు వచ్చేవాళ్లకు ఏం చెప్పాలో ఆలోచించుకొమ్మని కోడలితో అంది.

ఆదివారం ఏడుగురొచ్చారు. నర్సింగం అందరికన్నా ముందు కూర్చున్నాడు. రమ ఒట్టి చేతులతో బయటికొచ్చింది.

"అన్నా, ఇయ్యాల్టి సంది మందు లేదు. రెండేండ్లుగ ఇందుల నేను..."

నర్సింగం తలెత్తి చూశాడు. పోశవ్వ తడుముకుంటూ వచ్చి కోడలి భుజం పట్టుకుంది.

"మేం ట్యూబు మందు కలిపినం, నర్సింగం. తప్పయింది. రేపు దవాఖానకు పోయి చర్మం డాక్టరుకు సూపెట్టుకో."

తన తప్పును అత్త నెత్తికెత్తుకుంటుందని రమ కలలో కూడా అనుకోలేదు. అందరూ చూస్తుండగానే ఆమె చేతుల్లో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది.