పడుగు దాటని పరుగు

యోసేపుకు ఈసారి అప్పగించిన పని వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. అతనికీ వచ్చింది. ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్ కోసం అతను కల్లు దుకాణంలో సీసాలు కడిగాడు, రాయచూరు రైల్లో దువ్వెనలు అమ్మాడు, ఒకసారి పెళ్లి బ్యాండులో డోలు కూడా మోశాడు. ఇప్పుడేమో కాలేజీ పిల్లలను పాలమూరు జిల్లా సందుల్లో ఉరికించాలట.

"అర్బన్ స్ప్రింట్ ఓరియెంటీరింగ్ ట్రైనింగ్ క్యాంప్," అన్నాడు చీఫ్ రామచంద్రయ్య. హైదరాబాదులో ఒక జిరాక్స్ షాపు పైన ఉంది ఆయన ఆఫీసు. "చేతిలో మ్యాప్, కంపాస్. ఊళ్లో అక్కడక్కడ నారింజ, తెలుపు జెండాలు. వాటిని కంట్రోల్స్ అంటారు. మ్యాప్ చూసి అన్నిటినీ వరసగా పట్టుకొని, ఎవరు ముందొస్తే వాళ్లు గెలిచినట్టు. నువ్వు ఆర్గనైజర్."

"నాకు పీటీ సార్ వేషమా సార్?"

"నవ్వకు. మన రాడార్ లాబ్ ఇంజనీరును పొద్దున కారుతో గుద్ది చంపారు. చచ్చేముందే రాడార్ కోడ్ ఒక ముఠాకు అమ్మేశాడు. అది మూడు ముక్కలై మూడు చేతుల్లో ఉంది. ఒక ముక్క దొరికితే ఎందుకూ పనికిరాదు. మూడూ కలిస్తే మన ఆకాశానికి తలుపు తీసినట్టే."

ఆయన టేబుల్ మీద చిన్న ప్లాస్టిక్ చిప్ పెట్టాడు. పరుగెత్తేవాళ్లు వేలికి తొడుక్కునేది. ప్రతి జెండా దగ్గర ఒక డబ్బా ఉంటుంది, దాంట్లో చిప్ పెడితే కీక్ మంటుంది, వచ్చినట్టు రికార్డవుతుంది. ముఠా ప్లాన్ సుళువైంది. నాగర్‌కర్నూల్లో ఒక డబ్బాలో ఒక ముక్క, వనపర్తిలో ఒకటి, గద్వాలలో ఒకటి. మూడు ఊళ్లు తిరిగిన ఒకే ఒక్క చిప్‌లోకి కోడ్ మొత్తం ఎక్కుతుంది. చివరి రోజు దాన్ని క్యాంప్‌కు వచ్చిన విదేశీ కోచ్ విక్టర్ అందుకొని వెళ్లిపోతాడు.

"ఆ చిప్ తొడుక్కునేది ఎవరు సార్?"

రామచంద్రయ్య కిటికీ వైపు చూశాడు. "నవనీత."

యోసేపు నవ్వు అక్కడే ఆగిపోయింది.

నవనీత వీళ్ల మనిషే. మూడేళ్ల కింద ముఠాలోకి పంపిన డబుల్ ఏజెంట్. ఆరు నెలల పని అని చెప్పి పంపారు. తిరిగొచ్చాక పెళ్లి అని యోసేపు, ఆమె మాట్లాడుకున్నారు. ఆరు నెలలు పోయాయి, మూడేళ్లయింది, ఎవరూ ఆమెను వెనక్కి పిలవలేదు. ఇప్పుడామె బెంగళూరు మోడల్, జాతీయ స్థాయి రన్నర్. పత్రికల్లో ఫొటోలు పడతాయి. వాటిని కత్తిరించి దాచుకునేంత తెలివితక్కువవాడు కాదు యోసేపు. కానీ పాత పేపర్లు అమ్మడం మాత్రం మానేశాడు.

"చివరి రోజు ఆమె కోట గేటు దగ్గర నీకు అసలు చిప్ ఇచ్చి, డమ్మీ తీసుకొని విక్టర్ దగ్గరికి పోవాలి. అప్పుడు మొత్తం రింగును పట్టుకుంటాం. కానీ..." చీఫ్ గొంతు తగ్గింది. "ఆమె అమ్ముడుపోయిందని నాకు రిపోర్ట్ ఉంది. కోట గేటుకు రాకుండా నేరుగా విక్టర్ కారు ఉండే సందు దిక్కు తిరిగితే, ఆ సందు మొగదల మిద్దె మీద మన షూటర్ ఉంటాడు. సందు దాటి బయట కాలు పెట్టగానే కాలుస్తాడు."

"నేను పట్టుకుంట సార్. కాల్చుడెందుకు?"

"నువ్వు పట్టుకోలేవు యోసేపూ. నువ్వు ఆమె వెనుక ఉరకవు, ఆమె కోసం ఉరుకుతవు. ఆర్డర్ మారదు."

*

క్యాంప్ నడపడం గూఢచర్యం కంటే కష్టమని యోసేపుకు నాగర్‌కర్నూల్లోనే తెలిసొచ్చింది. మెళ్లో విజిల్, నెత్తిన టోపీ, చెవిలో బుల్లి ఇయర్‌ఫోన్. మున్సిపాలిటీలో పర్మిషన్, పోలీసుస్టేషన్‌లో పర్మిషన్, మసీదు కమిటీలో ఒక మాట, కూరగాయల మార్కెట్‌లో ఇంకో మాట. జెండాలు కట్టి వెనక్కి తిరిగేసరికి ఒకదాన్ని మేక నమిలింది. ఇంకోదాన్ని ఎలక్షన్ జెండా అనుకొని ఎవరో పీకేశారు. "ఏ పార్టీ సారూ?" అని అడిగినవాళ్లకు జవాబు చెప్పలేక అతని నోరు నొప్పి పుట్టింది.

పిల్లలకు రూల్స్ చెప్పాడు. మ్యాప్‌లో లావు నల్లగీత ఉంటే అది దాటరాని గోడ. దూకగలిగినా దూకరాదు, దూకితే డిస్‌క్వాలిఫై. ఇంకోటి, పరుగు మధ్యలో మానేసినా సరే, ఫినిష్‌కు వచ్చి మొహం చూపించాల్సిందే. "ఒక్కరు రాకున్నా క్యాంప్ మూయం. ఊరంతా వెతుకుతం," అన్నాడు.

ఆ మాటకు వెనక వరసలో ఎర్ర ట్రాక్‌సూట్‌లో నిలబడ్డ నవనీత చలువ కళ్లద్దాలు తీసి అతని వైపు చూసింది. మూడేళ్ల తర్వాత మొదటి చూపు. పక్క నుంచి పోతూ, "మీ ఊళ్లో జొన్నరొట్టె దొరుకుతుందా సార్?" అంది, బెంగళూరు యాసలో. అది కోడ్ వర్డ్.

"దొరుకుతది. వేడిగుండది," అన్నాడు. అది జవాబు. నోరు ఆ మాట చెప్పింది కానీ, యోసేపు ప్రాణం వేరే ఏదో చెప్పాలని కొట్టుకుంది.

నాగర్‌కర్నూల్లో మొదటి ముక్క ఆమె చిప్‌లోకి ఎక్కింది. వనపర్తిలో, రాజావారి ప్యాలెస్‌లో నడిచే పాలిటెక్నిక్ మెట్ల దగ్గర, రెండోది.

ఆ సాయంత్రం పరుగు అయిపోయాక ఇద్దరూ ప్యాలెస్ వెనక మెట్ల మీద కూర్చొని మరమరాల ఉగ్గాని తిన్నారు. ఆర్గనైజర్, రన్నర్ మ్యాప్ గురించి మాట్లాడుకుంటున్నట్టే ఉంది చూసేవాళ్లకు.

"రేపు గద్వాలనా," అంది. చుట్టూ ఎవరూ లేరు. బెంగళూరు యాస జారిపోయింది. "నేను పుట్టింది ఆడనే, నీకెప్పుడు చెప్పలే. సాలోళ్ల వాడ. డిపార్ట్‌మెంట్ ఫైల్ల గూడ లేదు."

"ఏంది, గింత దగ్గర ఊరు గూడ దాస్తివా?"

"దాసిన. మా అమ్మ పోయినంక ఆడ నాకు ఎవరున్నరు?" నవ్వింది. "చిన్నప్పుడు ఓసారి వీధిల పట్టిన పడుగు దాటిన. చీరకు నిలువు పోగులు ఉంటయి గదా, అవి వీధి పొడుగున కర్రల మీద పరిచి గంజి పెడ్తరు. దాన్ని దాటొద్దు, కిందికెల్లి దూరొద్దు. ఎంత పనున్నా చుట్టు తిరిగి పోవాలె. నేను దుంకిన. అమ్మ ఎన్నడు కొట్టనిది, ఆ పొద్దు గంజి కుంచెతోని కొట్టింది. నాలుగిండ్లోళ్ల నెల బువ్వ బిడ్డా అది, అని ఏడ్సుకుంట కొట్టింది. ఇప్పటికి గూడ తొవ్వల దారం అడ్డముంటె నా కాలు లేవదు, తెల్సా."

యోసేపు ఆమె చేతి మీద చెయ్యి వేశాడు. "రేపు కోట గేటు కాడికి వస్తవు గదా?"

"రాక ఏడికి పోత?" అంది. చెయ్యి మాత్రం మెల్లగా తీసుకుంది.

చెయ్యి తీసుకున్నప్పుడే, ఆమె రాదని యోసేపుకు అర్థమైంది. నమ్మకపోవడానికి అతను చాలాసేపు కష్టపడ్డాడు, నమ్మకుండా ఉండలేకపోయాడు.

*

ఆ రాత్రే గద్వాలకు చేరగానే అతను సాలెల వాడకు పోయాడు. జోగులమ్మ అనే పెద్దావిడ గుంట మగ్గం దగ్గర కూర్చొని ఉంది.

"సారూ, రేపు మీ పిల్లలు ఉరుకుతరంట గదా," అంది. "పడుగు పట్టెటిది ఉండె. మీకు అడ్డమైతదని ఎల్లుండికి పెట్టుకున్నం."

"వద్దమ్మా. రేపే పట్టుండ్రి," అన్నాడు యోసేపు. "పొద్దుగాల్నే. వీధి ఈ మూల నుంచి ఆ మూల దాక."

జోగులమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. ఆర్గనైజర్లు తొవ్వ తియ్యమంటారు గానీ, అడ్డం పెట్టమనేవాణ్ని ఆమె ఎన్నడూ చూడలేదు. "మీ పిల్లలు తెంపరు గదా?"

"పిల్లల దారి ఇటు లేదు. వస్తే ఒక్కతే వస్తది. ఆమె తెంపదు."

గదికి వచ్చి మ్యాప్ ముందు కూర్చున్నాడు. చివరి కంట్రోల్ నుంచి కుడికి తిరిగితే కోట గేటు, తను. ఎడమకు తిరిగితే సన్న సందు, సందు చివర సాలెల వీధి, వీధి దాటితే అవతల ఇంకో సందు, దాని మొగదల విక్టర్ కారు, మిద్దె మీద తుపాకీ. పడుగు దాటితేనే ఆ తుపాకీకి కనపడుతుంది. దాటకపోతే బతుకుతుంది. ఆమె ప్రేమగా చెప్పుకున్న మాటతోనే ఆమెకు వల కడుతున్నాడు. రేపు ఆ పడుగుతో పని పడకుండా చూడు ప్రభువా, కుడికి తిప్పు, అని మొక్కుకున్నాడు. చర్చికి పోక ఎన్నేళ్లయిందో అతనికే గుర్తు లేదు.

*

పొద్దున పరుగు మొదలైంది. పిల్లలు మ్యాపులు తిప్పుకుంటూ కోట చుట్టూ సందుల్లో చెల్లాచెదురయ్యారు. పాలవాళ్లు సైకిళ్లు ఆపి చూస్తున్నారు. యోసేపు కోట గేటు దగ్గర విజిల్ పట్టుకొని నిలబడ్డాడు. కంట్రోల్ జెండా కర్రల్లో దాచిన కెమెరాల బొమ్మలు అతని వాచీలోకి వస్తున్నాయి.

చివరి కంట్రోల్. ఎర్ర ట్రాక్‌సూట్. చిప్ డబ్బాలో పెట్టింది. కీక్. మూడో ముక్క ఎక్కింది.

నవనీత తలెత్తింది. కుడి వైపు చూసింది.

ఎడమకు తిరిగింది.

చెవిలో రామచంద్రయ్య గొంతు. "షూటర్, స్టాండ్ బై."

యోసేపు ఉరికాడు. అంత గట్టిగా అతను ఏ మిషన్‌లోనూ ఉరకలేదు. సందు మలుపు తిరిగేసరికి ముందు ఆమె వీపు కనపడింది. ఆమె సాలెల వీధిలోకి దూసుకుపోయి, ఒక్కసారిగా కొయ్యబారి ఆగిపోయింది.

వీధి పొడుగునా పడుగు పరిచి ఉంది. తెల్లటి పోగులు నడుమెత్తున కర్రల మీద తడిగా మెరుస్తున్నాయి. ఇద్దరు ఆడవాళ్లు కుంచెలతో గంజి పెడుతున్నారు. అవతలి సందు కళ్లముందే ఉంది. ఒక్క దూకు చాలు. జాతీయ స్థాయి రన్నర్ ఆమె. కాలు లేపింది, మళ్లీ దించింది. పక్కకు చూసింది. వీధి చివరిదాకా పడుగే.

అవతలి సందులోంచి విక్టర్ పరిగెత్తుకొచ్చాడు. "జంప్!" అని అరిచాడు. ఆమె కదల్లేదు.

"ఎవరు బిడ్డా?" జోగులమ్మ కుంచె ఆపి దగ్గరికొచ్చి ఆమె మొహంలోకి చూసింది. "ఆగు ఆగు. నువ్వు మన భాగ్యమ్మ బిడ్డవు గాదు? నవనీతవు గాదూ?"

నవనీత పెదవులు కదిలాయి. మూడేళ్లు ముఠా మొత్తాన్ని, డిపార్ట్‌మెంటు మొత్తాన్ని నమ్మించిన మనిషి, ఆ ముసలమ్మకు అబద్ధం చెప్పలేకపోయింది. "నేనే పెద్దమ్మా," అంది.

విక్టర్ ఇక ఆగలేదు. పడుగు మీదికి దూకాడు. పోగులు టపటపా తెగాయి. కాళ్లు చిక్కుకొని బోర్లా పడి, అట్లాగే పాకి నవనీత మణికట్టు దొరకబుచ్చుకున్నాడు. చిప్ వేలి నుంచి జారి అతని పిడికిట్లోకి పోతున్న ఆఖరి క్షణంలో జోగులమ్మ గంజి కుండ ఎత్తి అతని నెత్తిన కుమ్మరించింది. "నీ చేతులిరగ, నెల దినాల కష్టంరా అది," అంటూ కుంచెతో వీపు మీద వాయించింది. వాడంతా కదిలొచ్చింది. యోసేపు బేడీలు వేసేసరికి, తనను అరెస్టు చేసినందుకు విక్టర్ సంతోషపడ్డట్టే కనిపించాడు.

చిప్ మట్టిలో పడి ఉంది. నవనీతే వంగి తీసి, యోసేపు అరచేతిలో పెట్టింది.

"ఈ పొద్దే పడుగు పట్టుమని ఎవరు చెప్పిండ్రు?" అంది.

"నేనే."

"నేను చెప్పిన ముచ్చటతోనే."

"అవతల సందుల తుపాకి ఉండె నవనీతా. దాటితే కాలుస్తుండె."

ఆమె తెగిన పోగుల వైపు చూసింది. కళ్లలో నీళ్లు లేవు, గొంతులో ఉన్నాయి. "మూడేండ్లు. ఒక్కరన్న వచ్చి రా అన్లే యోసేపూ. నువ్వు గూడ. వాళ్లు కొత్త పాస్‌పోర్టు ఇస్తమన్నరు, కొత్త పేరు ఇస్తమన్నరు. ఇక పాత పేరుతోని ఎవరికి పనున్నది అనుకున్న." వంగి ఒక పోగు కొస చేతికి తీసుకుంది. "కాల్చనిస్తే అయిపోతుండె."

జీపు వచ్చేదాకా ఆమె కూర్చొని, జోగులమ్మ పక్కన తెగిన పోగులు ఒక్కొక్కటే ముడేసింది. చిన్నప్పటి వేళ్లు ఏమీ మరిచిపోలేదు. జీపెక్కేటప్పుడు యోసేపు వైపు చూడలేదు. ఆ తర్వాత కోర్టులోనూ చూడలేదు, జైలు ములాఖత్‌కు అతను పోయిన ప్రతిసారీ లోపలి నుంచి ఒకటే మాట వచ్చేది, రానంటుంది అని.

రామచంద్రయ్య మెడల్ ఇప్పిస్తానన్నాడు. యోసేపు జిరాక్స్ షాపు దాకా వచ్చి మెట్లు ఎక్కకుండానే వెనక్కి పోయాడు.

నెల తర్వాత క్రీడా సంఘం సెక్రటరీ ఫోన్ చేశాడు. పాపం, ఆయనకు ఈ గొడవేదీ తెలియదు. క్యాంప్ బ్రహ్మాండంగా జరిగిందని, వచ్చే ఏడు కూడా అతన్నే నడపమని పొగిడాడు. "ఒక్కటే లోపం సారూ. గద్వాలలో ఒక అమ్మాయి ఫినిష్‌కు రాలేదు. మీ రూలేగా, ఒక్కరు రాకున్నా వెతకాలని. వెతికిండ్రా?"

"వెతికినం సార్," అన్నాడు యోసేపు. "దొరికింది. అదే బాధ."