మూడో షెడ్డు విమానం

యాలాల్ దారిలో మా పైలట్ల ట్రైనింగ్ స్కూలుంది. దాని వెనకున్న మూడో షెడ్డుకి మంచి పేరు లేదు. అందులో ఇంజను పీకేసిన పాత విమానం ఒకటుంది. విమానాన్ని దానంతటదే నడిపే ఆటోపైలట్ వచ్చినా ముట్టనన్న మల్లేశ్వర్ సారు పిల్లలకు నేర్పింది ఈ విమానం మీదే. సారు పోయింది ఇంట్లో, నిద్రలో. ఆయన దెయ్యం మాత్రం ఇక్కడికి డ్యూటీకి వస్తుందంటారు. క్యాంటీన్ నడిపే నేను పొద్దుగూకాక అటువైపు చెత్త కూడా పారబొయ్యను.

సింధుజ వెళ్లింది. ఆ సంగతి మర్నాడు నా ఎదురుగా కూర్చుని, మూడు టీలు తాగి, ఆమే చెప్పింది.

బషీరాబాద్ పిల్ల, మా స్కూల్లో పైలట్ ట్రైనింగ్‌లో ఉంది. బటన్లు నొక్కడంలో ఆమెను మించినవాళ్లు లేరు. పరీక్ష పెట్టే అరుణ్‌కుమార్ సారు ఆటోపైలట్ ఆపేస్తే మాత్రం చేతులు కొయ్యబారిపోతాయి. రెండుసార్లు తప్పింది. తెల్లారితే మూడోసారి, ఆఖరిసారి. ఇదీ పోతే పెట్టె సర్దుకోవాల్సిందే.

అందుకే ఆ రాత్రి టార్చి పట్టుకుని పాత విమానం ఎక్కింది. విమానాన్ని ఎత్తే, దించే ఆ స్టిక్‌ను ఉత్తినే పట్టుకునైనా చేతులకు అలవాటు చేద్దామని.

టార్చి ఆర్పి, కళ్లు మూసుకుంది...

స్టిక్ కదిలింది.

దానంతటదే — ముందుకి. ఆగింది. మళ్లీ గబుక్కున వెనక్కి — పొట్టలో గుచ్చుకునేలా! టార్చి కింద పడింది. చీకట్లో తలుపు గడియ దొరకలేదు. ఏడుస్తూ స్టిక్‌ను రెండు చేతులా పట్టుకుంది. ఎంత బిగిస్తే అది అంత గుంజింది.

అప్పుడు... వెనకనుంచి గుసగుస.

"గట్ల బిగవట్టకు... జర వదులు... గుంజితే పోనియ్యి... మెల్లగ తెచ్చుకో..."

"స... సరే సార్."

వదిలింది. మెల్లగా తెచ్చుకుంది. అది ఎప్పుడు తోస్తుందో, ఎప్పుడు లాగుతుందో చేతులకే తెలియడం మొదలైంది. కోడి కూసేదాకా అదే పని. భయం ఎప్పుడు పోయిందో గుర్తులేదట.

తెల్లారి దిగి చూస్తే — తోక దగ్గర కదిలే రెక్కకి తాడు, తాడుకి ఒక పొట్టేలు! అది తాడు గుంజినా, రెక్కను కుమ్మినా లోపల స్టిక్ ఊగుతుంది. పక్క చేనులో ఎరువు కోసం మంద పెట్టిన బిచ్చయ్య తాడు విప్పుతున్నాడు. గోడలేని షెడ్డు కదా, ఆ విమానం గుంజలా పనికొచ్చింది. గుసగుస కూడా అతనిదే అనుకుని సింధుజ పడీ పడీ నవ్వింది.

ఆ పొద్దున గాలి అడ్డంగా కొట్టింది. గాల్లోకి లేచాక అరుణ్‌కుమార్ సారు ఆటోపైలట్ ఆపేశారు. సింధుజ పొట్టేలును పట్టినట్టే విమానాన్ని పట్టింది. పాసైంది!

బిచ్చయ్యను పొట్టేలుతో సహా నా క్యాంటీన్‌కి లాక్కొచ్చి టీ ఇప్పించింది.

"తాతా, రాత్రి నువ్వు చెప్పకుంటే నా పని ఖతం అయితుండె."

బిచ్చయ్య గ్లాసు దించాడు.

"నేనేడ చెప్పిన బిడ్డా? దీన్ని కట్టేసి తాండూరుల నా బిడ్డింటికి పోయిన. మందకాడ కుక్కలే ఉండె. తెల్లారినంకనే వచ్చిన."

ముగ్గురం షెడ్డు వైపు తిరిగాం... పొట్టేలు అప్పటికే అటే తల వంచి, రెండడుగులు వెనక్కి వేసి, సారు ఎదురుగా ఉన్నట్టు బుద్ధిగా నిలబడి ఉంది.