సాజిదా ఎంచుకున్న మిషను

శుక్రవారం పొద్దున్నే సాజిదా వసారా ఊడ్చి, కొత్త మిషను కోసం కిటికీ పక్కన చోటు చేసింది. అత్త మస్తాన్‌బీ ఉతికి ఆరేసిన పాత చీరల్ని మడతలు పెడుతోంది. వినుకొండ దగ్గరి ఆ ఊళ్లో ముప్ఫై ఏళ్లుగా చేత్తో బొంతలు కుట్టిన మనిషి ఆమె. కోడలికి ఆ పని నేర్పిందీ ఆమే. ఇప్పుడు వేళ్లు వంగడం లేదు. మంగళగిరి నుంచి ఒకావిడ పసిపిల్లల బొంతలు పన్నెండు కావాలని అడగడంతో, మిషను కొనక తప్పదనుకున్నారు.

అంతకుముందు సోమవారం భర్త బుడాన్ తన ఆటోలో సాజిదాను నరసరావుపేట తీసుకెళ్లాడు. కుట్టేది నువ్వు కాబట్టి నీకు నచ్చిందే తీసుకుందామన్నాడు. నాలుగు మడతల చీరముక్క పట్టుకుని ఆమె మూడు షాపులు తిరిగింది. ఒక మిషను మీద పై పొర జరిగిపోయి ముడతలు పడింది. ఇంకోదాని మీద సూది పక్కన చోటు చాలక, చుట్టిన బొంత ఇరుక్కుంది. మూడో షాపులో దొరికింది. బట్టను నొక్కే పాదం బాగా పైకి లేస్తుంది, పై పొరనీ కింది పొరనీ కలిపి లాగుతుంది. ఆమె దానిమీద కుట్టి చూస్తున్నంతసేపూ బుడాన్ పక్కనే నిలబడి నవ్వాడు. శుక్రవారం తెస్తానన్నాడు.

తెచ్చాడు. కానీ అది వేరే మిషను. ఇది కొత్త మోడలనీ, దానికంటే మంచిదనీ చెప్పి జుమా నమాజుకు వెళ్లిపోయాడు. సాజిదా బొంత పెట్టి కుట్టింది. మూడో మడత దగ్గర సూది విరిగింది.

ఆ మూడో షాపుకి ఫోన్ చేసింది. "మీరు ఎంచుకున్నది ఇక్కడే ఉందమ్మా" అన్నాడు షాపాయన. "మీరు రాకముందు, శనివారమే మీ ఆయన వచ్చి నైటీలు కుట్టే మిషను ఖాయం చేసుకుని వెళ్లాడు."

సాజిదా ఫోన్ పెట్టేసి, విరిగిన సూదిని మిషనులోంచి ఊడదీసింది. మిషను మారినందుకు కాదు బాధ. అన్నీ ముందే తేల్చుకుని, ఏమీ ఎరగనట్టు పక్కన నిలబడి నవ్వాడే, ఆ నవ్వుకి.

బుడాన్ రాగానే అడిగింది. "శనివారమే మాట్లాడుకున్నవాడివి, సోమవారం నన్నెందుకు తిప్పావు?"

ముందు కొత్త మోడలే మంచిదన్నాడు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. రెడీమేడ్ బట్టల వాళ్లకి తన భార్య రోజూ నైటీలు కుట్టి ఇస్తుందని మాటిచ్చాడట. ఆ పనైతే గౌరవంగా ఉంటుందట.

"బొంతల్లో ఏం తక్కువైంది?"

"నీకు తెలీదు. అమ్మ ఇంటింటికీ వెళ్లి పాత చీరలుంటే ఇవ్వండమ్మా అని అడిగేది. మూట నేను మోసేవాణ్ణి. బళ్లో అందరూ నన్ను బొంతలోడా అని పిలిచేవాళ్లు. ఆ మాట నీక్కూడా తగలకూడదని..."

గుమ్మంలో అలికిడైంది. మస్తాన్‌బీ నిలబడి ఉంది. అంతా విన్నది.

"అవున్రా, అడిగాను" అంది నెమ్మదిగా. "ఆ చీరలతోనే బొంతలు కుట్టి ఆళ్లకే ఇచ్చేదాన్ని. కుట్టుకూలితోనే నిన్ను పెంచాను. నీకంత సిగ్గయితే అప్పుడే చెప్పాల్సింది. మూట నేనే మోసుకునేదాన్ని కదా."

బుడాన్ ఇన్నేళ్లు దాచుకున్న మాట తిన్నగా తల్లి గుండెకే తగిలింది. తప్పయిపోయిందమ్మా అంటూ ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"నాకు కాదు, దానికి చెప్పు" అంది ఆమె. "నమ్మించి తిప్పింది దాన్ని."

అతను తలెత్తి భార్య వైపు చూశాడు. సాజిదా మనసు అప్పుడే కరగలేదు. "మిషను మార్చుకోవచ్చు. కానీ ఇంకెప్పుడూ నా ముందొక మాట, వెనకొక మాట వద్దు" అంది. అతను తలూపాడు. నైటీల వాళ్లకి ఆమె ఎదుటే ఫోన్ చేసి, కుదరదని చెప్పేశాడు.

మర్నాడు పొద్దున ముగ్గురూ ఆటోలో వెళ్లారు. షాపు నిండా జనం. సాజిదా ఎంచుకున్న మిషనుని బల్ల మీదికి ఎక్కిస్తుంటే, పక్కన నిలబడ్డ పెద్దమనిషి ఇంత పెద్దది దేనికని అడిగాడు.

సాజిదా నోరు తెరిచేలోపే బుడాన్ అందరికీ వినబడేలా అన్నాడు. "బొంతలు కుట్టడానికండీ. మా అమ్మ పని అది. ఇప్పుడు మా ఆవిడ చేస్తోంది."

మస్తాన్‌బీ కొంగు కళ్లకి అడ్డం పెట్టుకుంది. సాజిదా అత్త చెయ్యి పట్టుకుని, మిషను ముందు స్టూలు మీద ముందుగా ఆమెనే కూర్చోబెట్టింది.