తాళం పడిన వారం

ఆ ఉదయం కూడా కంచం మాట్లాడలేదు.

హనుమకొండ క్రీడాకారిణుల వసతిగృహంలో మామూలు రోజుల్లో భోజనశాల సందడిగా ఉంటుంది. కంచం బల్లమీద పెట్టగానే ఒక్కొక్కరికీ ఒక్కోమాట చెబుతుంది: ఈ పూట పప్పు తగ్గించు, గుడ్డు కలుపు, నువ్వులపొడి వద్దు. పోటీకి వచ్చిన వెయిట్‌లిఫ్టింగ్ అమ్మాయిలు తొమ్మిదిమంది ఐదురోజులుగా నోరులేని కంచాల్లో తింటున్నారు. పోటీకి వారం ముందు అందరి ఆమ్లసారథులకూ తాళం వేయాలన్నది ఆ ఏడాదే వచ్చిన నిబంధన.

ఆమ్లసారథి చింతగింజంత పరికరం. మెడకింద, చర్మం లోపల ఉంటుంది. ఒంట్లోని రక్షక కణాలు ఊరికే యుద్ధానికి దిగవు. రక్తంలో అర్జినిన్, గ్లుటమిన్ వంటి అమైనో ఆమ్లాలు పుష్కలంగా దొరికితేనే అవి చీలి, పెరిగి, సైన్యమవుతాయి. ట్రిప్టోఫాన్ అనే ఆమ్లం విరిగి తరిగిపోతే శాంతిస్తాయి. సారథి ఆ పాళ్లను నిమిషనిమిషం చూసుకుంటూ, ఏం తినాలో కంచానికి చెబుతుంది. జ్వరమొస్తే కణాలకు మేత పెంచుతుంది. అవి దారితప్పి సొంత ఒంటిమీదే పడితే మేత తగ్గిస్తుంది. అది వచ్చిన పాతికేళ్లలో కీళ్లవాతం, బొల్లి, ఉబ్బసం జనం కంటికి కనిపించకుండా పోయాయి. అయితే కండకు కావలసిన ఆమ్లాలను కూడా దానిచేత దొంగచాటుగా పోయించుకోవచ్చని కొందరు కనిపెట్టారు. అందుకే ఈ తాళం.

కోరాడ పైడమ్మ ఎడమచేత్తో చెంచా పట్టుకుని తింటోంది. రెండు మణికట్లకూ గుడ్డపట్టీలు బిగించి ఉన్నాయి. శిక్షకురాలు నూకరత్నం ఎదురుగా కూర్చుంది.

"ఏటే, పొద్దున్నే ఆ పట్టీలేటి?"

"అలవాటు మేడమ్."

"నా కళ్లల్లోకి సూసి సెప్పు."

పైడమ్మ తల ఎత్తలేదు. తొమ్మిదో ఏట ఆమెకు కీళ్లవాతం వచ్చింది. సారథి పెట్టాక ఆ నొప్పి ఎలా ఉండేదో కూడా మరిచిపోయింది. తాళంపడిన నాలుగో రోజున అది తిరిగొచ్చింది.

"ఇప్పటికైనా మించిపోనేదు. మినహాయింపు కాయితం రాసేద్దాం," అంది నూకరత్నం.

"రాస్తే నా పేరు పక్కన 'సారథి సాయంతో' అని ఏస్తారు మేడమ్. నాను ఎత్తిన బరువు నాది కాదని పదిమందీ సదువుకుంటారు. ఇరవైమూడేళ్లొచ్చాయి నాకు. ఒక్క కిలో కూడా ఒకరి సాయంతో ఎత్తనేదు. నాకొద్దా కాయితం."

నూకరత్నానికి కోపమొచ్చింది. ఆ కోపంలోనే ఆ పిల్లను చూసి గర్వమూ కలిగింది.

పోటీరోజు శరీరం తూకానికి వరుసలో నిలబడ్డారు. తూకానికి పట్టీలు విప్పాలి, పుస్తకంలో సంతకం పెట్టాలి. పైడమ్మ చేతిలో కలం నిలవలేదు. మొదటిసారి జారింది. రెండోసారి కిందపడింది.

వెనకే ఉన్న గుగులోత్ స్వరూప వంగి కలం తీసి ఇవ్వబోతూ ఆగిపోయింది. మహబూబాబాద్ దగ్గర తండా అమ్మాయి ఆమె. ఇరవయ్యేళ్లది. ఎర్రగా ఉబ్బి నున్నగా మెరుస్తున్న అలాంటి మణికట్టును ఆమె పుట్టి ఎరగదు.

"ఏమైందక్కా? గిట్ల ఉబ్బినయేంది?"

"జబ్బు. సారథి నేపోతే ఇలాగే అవుతాది."

మిగిలిన అమ్మాయిలూ చుట్టూ చేరారు. ఒకామె మెల్లగా వేలితో తాకి, వేడికి చప్పున చెయ్యి వెనక్కి తీసుకుంది. రోగం అంటే పాఠ్యపుస్తకంలో బొమ్మ అనుకుని పెరిగినవాళ్లు వాళ్లు.

స్వరూప నిర్ణేతవైపు తిరిగింది. "సార్, నేను తూకమెక్క."

"ఎందుకమ్మా?" అన్నాడు శ్రీధరమూర్తి.

"అక్క చెయ్యి తగ్గినంక ఎక్కుత."

పైడమ్మ మొహం ఎర్రబడింది. "నామీద జాలిపడకు సెల్లీ. నాకది పడదు."

"జాలి ఎవలికి?" స్వరూప గొంతు పెరిగింది. "పోయినేడు నన్ను రెండు కిలోలతోని ఓడగొట్టినవ్. ఏడాది సంది నిన్ను గెల్వాలనే ఎత్తుతున్న. గీ చేతులున్న నిన్ను గెలిస్తే మా తండాల ఏమని చెప్పుకోవాలె? నా గెలుపు ఖరాబు చెయ్యకు."

ఆ మాటలో పైడమ్మకు తన గొంతే వినిపించింది.

"నిబంధన అందరికీ ఒకటేనమ్మా," అన్నాడు శ్రీధరమూర్తి, నెమ్మదిగానే.

"తాళం ఒకటే సార్. ఒళ్లు ఒకటి కాదు గద," అంది స్వరూప. వెళ్లి గోడవార కూర్చుంది. ఆమె పక్కన ఇంకొకరు, తరవాత ఇంకొకరు. చూస్తుండగానే ఎనిమిదిమంది కూర్చున్నారు. తూకంయంత్రం దగ్గర పైడమ్మ ఒక్కతే మిగిలింది.

వాళ్లెవరూ లేవకపోవడంతో మధ్యాహ్నానికి క్రీడాసంఘం వైద్యురాలిని పిలిపించారు. సారథిలో కండకు మేతపెట్టే భాగాన్ని మూసి, కణాలను శాంతింపజేసే భాగాన్ని మాత్రం తెరవడం ఆమెకు పావుగంట పని. అంత తేలికైన పనిని నిబంధన రాసినవాళ్లు ఎందుకు ఆలోచించలేదని నూకరత్నం అడిగింది. "వాళ్లెవరూ ఉబ్బిన కీలును చూసి ఉండరు," అంది వైద్యురాలు. పోటీ ఆరురోజులు వాయిదా పడింది. పేరు పక్కన ఏ గుర్తూ ఉండదని శ్రీధరమూర్తి స్వయంగా రాసి సంతకం చేశాడు.

ఆరోరోజున పైడమ్మ మణికట్లు మామూలుగా ఉన్నాయి. చివరి ఎత్తులో ఆమె నూట పద్దెనిమిది కిలోలు భుజాలకు తెచ్చుకుని, ఊపిరి బిగించి, తలపైకి లేపి నిలిపింది. ఎత్తు సరైందని మూడు తెల్లదీపాలు వెలిగాయి. హాలు హోరెత్తింది. తరవాత స్వరూప వచ్చి నూట పంతొమ్మిది అడిగింది. ఎత్తింది. బార్ కింద పడేసి, పతకం సంగతి మరిచి, పరుగున వచ్చి పైడమ్మను రెండు చేతులతో అమాంతం ఎత్తేసింది.

"ఇగ చెప్పుకుంట తండాల!"

"సెప్పుకో, సెప్పుకో. వచ్చే ఏడు నాను సెప్పుకుంతాను," అంది పైడమ్మ నవ్వుతూ.

సాయంత్రం ఆమె గజపతినగరం దగ్గర ఊళ్లో ఉన్న తల్లికి ఫోన్ చేసింది.

"ఓడిపోనానమ్మా. ఒక్క కిలో."

తల్లి ముందు చేతుల సంగతే అడిగింది. "సేతులు నొప్పెట్టాయేటే?"

"నేదమ్మా. సేతులు బాగున్నాయి. బాగుండే ఓడిపోనాను."

తల్లికి అర్థమైంది. ఫోన్ చేతిలో అలాగే పట్టుకుని వీధిలోకి వెళ్లింది. ఆమె ఇరుగుపొరుగును కేకవేయడం పైడమ్మకు ఇక్కడికి స్పష్టంగా వినిపించింది: "ఒలే, రండే! మా పిల్ల నూట పద్దెనిమిది ఎత్తింది!"