నాటకంలో కనిపించని నాయనమ్మ

నాటకం నాలుగింటికి మొదలవ్వాలి. మూడున్నర దాటినా అల్లుడి మీసం దొరకలేదు.

అల్లుడి వేషం ఎలక్ట్రీషియన్‌ది. అతను కుర్చీలన్నీ జరిపి వెతుకుతుంటే, పళ్ళ డాక్టరు అద్దం ముందు కూర్చుని జుట్టుకి తెల్లరంగు పూసుకుంటూ, "లేకపోతే మానెయ్ నాయనా. మీసం లేకపోయినా నీది అల్లుడి మొహమే," అన్నాడు.

ఆ డాక్టరే నాటకం రాస్తాడు, ఆడిస్తాడు, తండ్రి వేషం కూడా తనే కడతాడు. పద్నాలుగేళ్ళుగా మిల్లు హాల్లో ఏడాదికొకటి వేస్తున్నారు. ఒక్కటీ సాఫీగా సాగిన పాపాన పోలేదు. ఒక ఏడు చచ్చిపడున్నవాడు తుమ్మాడు. ఇంకో ఏడు తుపాకీ పేలకముందే దొంగ నేలకూలాడు. జనం అందుకే వస్తారేమో కూడా. డాక్టరుకి ఒకటే పట్టుదల. కొంప మునిగినా సరే, మొదలుపెట్టిన నాటకం మధ్యలో ఆగకూడదు.

ప్రాంప్టింగు అక్కది. ఆవిడ కోర్టులో టైపిస్టు. కూతురి వేషం ఆవిడ సొంత చెల్లెలిది. చెల్లెలు పోస్టాఫీసు కౌంటర్లో పనిచేస్తుంది. మంచి మొహం, మంచి గొంతు. జ్ఞాపకం మాత్రం జల్లెడ. అక్క పక్కనుంచి గుసగుసగా మాట అందిస్తే చాలు, అది అప్పుడే తన మనసులో పుట్టినట్టు పలికేది. తల్లి పోయినప్పుడు చెల్లెలికి ఆరేళ్ళు. అప్పట్నుంచీ అన్నీ అక్కే.

"నీ గొంతు చెవిలో పడుతుంటే నాకు భయముండదక్కా," అంది చెల్లెలు కొంగు సర్దుకుంటూ.

"కాస్త నువ్వూ చదవొచ్చుగా," అంది అక్క.

ఈసారి నాటకంలో ఒక నాయనమ్మ ఉంది. మంచం పట్టిన మనిషి. స్టేజీకి కుడిపక్కనున్న తలుపు ఆవిడ గదిది. ఆ వేషానికి ఎవరూ దొరక్కపోతే డాక్టరు తెలివిగా ఆవిణ్ణి గదిలోనే ఉంచేశాడు. ఆవిడ కనిపించదు, మాట్లాడదు. నాలుగుసార్లు దగ్గుతుంది, అంతే. ఆ దగ్గూ అక్క పనే. ఎడమపక్క తెర చాటున నిలబడి, ఖాళీ బిందెలో మూతి పెట్టి దగ్గితే ఎక్కడో లోపల్నుంచి వచ్చినట్టుండేది.

నిజానికి ఆ తలుపు వెనక గదేమీ లేదు. ప్లైవుడ్డు గోడకీ హాలు గోడకీ మధ్య మూరెడు సందు. అటునుంచి బయటికి దారి లేదు. స్టేజీ మీదికి ఎవరు రావాలన్నా, పోవాలన్నా అక్క పక్కనుంచే.

నాలుగూ పదికి తెర లేచింది.

మొదటి పావుగంట మామూలుగానే గడిచింది. దొరికిన మీసం రెండుసార్లు ఊడింది, జనం నవ్వారు. ఇల్లు అమ్ముదామని తండ్రి, వద్దని కూతురు. అల్లుడు ఎటూ చెప్పడు. మొదటి దగ్గు రావలసిన చోటు వచ్చింది. అక్క బిందె ఎత్తింది.

దగ్గు వినిపించింది.

అక్క ఇంకా నోరు తెరవలేదు.

అది తడి దగ్గు. గుండెల్లో కఫం కదిలిన చప్పుడు. కుడిపక్క తలుపు వెనకనుంచి వచ్చింది. డాక్టరు అక్క వైపు చూసి, భలే, అన్నట్టు కనుబొమ్మలెగరేశాడు. ఆవిడ బిందె నెమ్మదిగా కింద పెట్టింది. స్టేజీ మీద ముగ్గురూ ఉన్నారు. నాలుగో మనిషి ఈ నాటకంలోనే లేడు.

రెండో దగ్గు కూడా సరిగ్గా రాసిన చోటే వచ్చింది. దానితోపాటు ఒక వాసన. నెలల తరబడి ఉతకని దుప్పటి వాసన, దాని మీద ఏదో మందు నూనె వాసన. స్టేజీ అంతా దాటుకుని అక్క దాకా వచ్చింది.

ఆ తర్వాత ఎవరూ రాయని మాట వినబడింది.

"మంచినీళ్ళు..."

ముసలి గొంతు. ఎలక్ట్రీషియన్ తడబడ్డాడు. అక్క వైపు చూశాడు. అక్క అడ్డంగా తలూపింది. కానీ జనం ఎదురుచూస్తున్నారు, నాటకం ఆగకూడదు. అతను బల్ల మీది గ్లాసు తీసుకుని, "తెస్తున్నాను నాయనమ్మగారూ," అంటూ తలుపు తోసుకుని వెళ్ళాడు. తలుపు మూసుకుంది.

తిరిగి రాలేదు.

మిగిలిన ఇద్దరూ అల్లుడు లేకుండానే కాసేపు నెట్టుకొచ్చారు. జనానికి సరదాగానే ఉంది. అక్క చేతిలో కాగితాలు చెమటకి మెత్తబడ్డాయి.

"చిన్నోడా..." అంది గొంతు. "ఇలా రారా."

డాక్టరు మాట మధ్యలో ఆగిపోయాడు. రంగు పూసిన మొహం చిన్నపిల్లాడి మొహంలా అయిపోయింది. "వస్తున్నానమ్మా," అన్నాడు. అది వేషం గొంతు కాదు.

తలుపు తెరుచుకుంది. మూసుకుంది.

స్టేజీ మీద చెల్లెలు ఒక్కతే మిగిలింది.

"అక్కా..." అంది పెదాలతోనే.

"ఇటు రా," అంది అక్క గుసగుసగా. "ఏం చెప్పకు. నడిచి వచ్చెయ్."

చెల్లెలు ఇటు ఒక అడుగు వేసింది. అప్పుడు కుడిపక్కనుంచి ఇంకో గుసగుస వచ్చింది. అది ముసలి గొంతు కాదు... అక్క గొంతే. అదే నెమ్మది, అదే విరుపు.

"నాకు ఇక్కడ... ఒంటరిగా ఉంది."

చెల్లెలి మొహం తేటపడింది. తల అటు తిప్పింది. "నాకు ఇక్కడ ఒంటరిగా ఉంది," అంది, ఎంతో చక్కగా.

"నేనిక్కడున్నానే... ఇటు..." అక్క గొంతు పెంచింది.

"నేనూ లోపలికి... వస్తాను."

"నేనూ లోపలికి వస్తాను."

అక్క తెర తాడు పట్టుకుని లాగింది. ఆ తాడుకి ఎప్పుడూ ఇద్దరు మనుషులు కావాలి. తెర జానెడు దిగి ఇరుక్కుంది. హాల్లో నవ్వులు. ఆవిడ తాడు వదిలేసి స్టేజీ మీదికి పరుగెత్తింది. "ప్రాంప్టరమ్మ కూడా వచ్చేసింది," అన్నారెవరో. చప్పట్లు కొట్టారు. చెల్లెలి కొంగు తలుపు సందులోంచి లోపలికి జారిపోతోంది. ఆవిడ వేళ్ళకి అందలేదు.

ఆ తలుపుకి గడియ లేదు. తోసింది. తెరుచుకోలేదు. భుజంతో తోసింది. ప్లైవుడ్డు తలుపు, రాయిలా ఉంది.

చెవి ఆనించింది. లోపల ఎవరో ఒక మాట గుసగుసగా చెబుతున్నారు. ముగ్గురు కలిసి దాన్ని తిరిగి చెబుతున్నారు. ఇంకో మాట. మళ్ళీ ముగ్గురు. బళ్ళో ఎక్కం అప్పజెప్పినట్టు. ఒక్క మాటా అర్థం కావడం లేదు. ఆవిడ అరవబోయింది.

తలుపు దానంతటదే తెరుచుకుంది.

ముగ్గురూ గోడవైపు తిరిగి వరసగా నిలబడి ఉన్నారు. డాక్టరుకీ చెల్లెలికీ మధ్య ఒక మనిషి పట్టేంత చోటు వదిలి.

ముగ్గురూ ఒకేసారి ఇటు తిరిగారు. అక్కని తప్పించుకుని స్టేజీ మధ్యకి వచ్చారు. ఆగిన చోటునుంచి నాటకం అందుకున్నారు. ఒక్క మాట తడబడలేదు, ఒక్క అడుగు తప్పలేదు. చివరి రెండు పేజీలూ చెల్లెలు అక్క వైపు చూడకుండా చెప్పింది. పద్నాలుగేళ్ళలో అంత బాగా ఆడింది లేదని జనం లేచి నిలబడ్డారు. అక్క ఆ తలుపు పక్కనే నిలబడి ఉంది.

ఇంటికెళ్ళే దారిలో అడిగింది. "ఎందుకెళ్ళావే అందులోకి?"

చెల్లెలు ఒక్క క్షణం ఆగి, "నువ్వే కదక్కా రమ్మన్నావు," అంది.

ఆ తర్వాత ఎవరికీ ఏమీ కాలేదు. ఎలక్ట్రీషియన్ పనికి వెళ్తున్నాడు. డాక్టరుగారు ఈమధ్య నెమ్మదించారని, ఏది అడిగినా తొందరపడకుండా చెబుతున్నారని కాంపౌండరు మెచ్చుకున్నాడు. చెల్లెల్నీ పోస్టాఫీసులో అందరూ మెచ్చుకుంటున్నారు. ఏదీ మరిచిపోవడం లేదట. ఏం అడిగినా తల కొంచెం కుడివైపు వంచి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు జవాబిస్తుందట.

అక్క ఇంట్లో ఆ క్షణాలన్నీ లెక్కపెడుతూ ఉండేది. అన్నం వడ్డించమంటావా అంటే ఒక క్షణం. దీపం ఆర్పనా అంటే ఒక క్షణం.

ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక, ఎదురుగా కూర్చుని చెల్లెలి రెండు చేతులూ పట్టుకుంది.

"ఎవరి కోసమే ఆగుతున్నావు?"

చెల్లెలు తల కుడివైపు వంచింది. ఆగింది. ఆగే ఉంది. వీధిలో ఏదో బండి వచ్చింది, సామాను దింపింది, వెళ్ళిపోయింది. చెల్లెలి పెదాలు విడివడే ఉన్నాయి. ఈసారి మాట అందలేదు.

కళ్ళు మాత్రం అక్కనే చూస్తున్నాయి... వాటి నిండా నీళ్ళు.