చిటికెన వేలంత తక్కెడ

మధ్యాహ్నం బెల్ మోగే వేళకి టపాకాయ ముఖం కందగడ్డలా ఎర్రబడింది.

టపాకాయ అసలు పేరు కాదు. ఊరికే పేలుతుందని క్లాసులో అందరూ పెట్టిన పేరు. పక్కన కూర్చునే నేస్తం ఏం మాట్లాడినా పక్క బెంచీకి వినిపించదు. అందుకని ఆ పిల్లని గుసగుస అంటారు.

మర్నాడు స్కూల్లో బుల్లి వస్తువుల ప్రదర్శన. పిల్లలు చేసి తెచ్చినవన్నీ క్రాఫ్ట్ టీచర్ హాల్లో బల్లల మీద సర్దుతున్నారు. టపాకాయ అట్టపెట్టెతో మేడ ఇల్లు చేసింది. అందులో అగ్గిపుల్లల మంచం, టూత్‌పేస్ట్ మూత బకెట్, గోరంత అద్దం ఉన్నాయి. ఒక కన్ను మూసుకుని కిటికీలోంచి చూస్తే తనే ఆ గదిలో నిలబడ్డట్టు ఉండేది. అలా చూస్తూ కూర్చుంటే అమ్మ పిలిచినా వినిపించేది కాదు.

ఆ ఇంటిని టీచర్ వెనక బల్ల మీద, బీరువా పక్కన పెట్టారు. గుసగుస చేసిన కూరగాయల కొట్టునేమో గుమ్మానికి ఎదురుగా, ముందు బల్ల మీద పెట్టారు.

కొట్టు బాగుంది. టపాకాయకు ఒళ్లు మండింది అందుకే. మట్టి ఉండలకు రంగు వేసి చేసిన మిరియాలంత టొమాటోలు. పచ్చకాగితం మడతలు పెట్టి చేసిన క్యాబేజీలు. మధ్యలో చిటికెన వేలంత తక్కెడ. రెండు చొక్కా గుండీలు, కాస్త దారం, ఒక పుల్ల, అంతే. వేలు తగిలితే నిజం తక్కెడలాగే అటూ ఇటూ ఊగుతోంది.

దాన్ని చేయడం గుసగుసకు నేర్పింది టపాకాయే.

"ఇది నాది. నా ఐడియా దొంగిలించింది," అని హాలు దద్దరిల్లేలా అరిచింది. పిల్లలంతా చుట్టూ మూగారు. గుసగుస కాపీ కొట్టి ముందు బల్ల ఎక్కిందని అంది. సొంతంగా ఏదీ చేయడం రాదని అంది. నోటికి ఎంత వస్తే అంత అనేసింది.

గుసగుస పెదాలు కదిలాయి. ఏమందో ఎవరికీ వినపడలేదు. నిజమేనా అని టీచర్ అడిగితే కొట్టు దగ్గరికి జరిగింది. సంగతి తేలేదాకా కొట్టును పక్కన పెడదామని టీచర్ చేయి చాపారు. ఈలోపే గుసగుస దాన్ని రెండు చేతులా ఎత్తి చెత్తబుట్టలోకి విసిరేసింది. టొమాటోలు నేలంతా దొర్లాయి.

టపాకాయ మాటే నెగ్గింది. అయినా కోపం పిసరంత కూడా తగ్గలేదు. తన ఇంటిని మూలన పడేసే ప్రదర్శన తనకక్కర్లేదనుకుంది. స్కూలు వదలగానే ఇంటిని చంకన పెట్టుకుని వచ్చేసింది.

అమ్మ ముందు గదిలో యూనిఫారాలు కుడుతోంది. మర్నాటికి ఇవ్వాల్సినవి ఇంకా కుప్పగా పడి ఉన్నాయి. టపాకాయ బ్యాగు విసిరేసి జరిగిందంతా ఏకరువు పెట్టింది. అమ్మ మిషన్ ఆపకుండానే ఊఁ కొట్టింది.

ఆ కొట్టును తలదన్నేలా తన ఇంటికి మెట్లు కట్టాలని కూర్చుంది టపాకాయ. కోస్తుంటే అగ్గిపుల్ల విరిగింది. ఇంకోటి అంటిస్తే వంకరపోయింది. విరిగినకొద్దీ కోపం పెరిగింది, కోపం పెరిగినకొద్దీ ఇంకా విరిగాయి. చివరికి బంక సీసా తీసి నేలకేసి కొట్టింది.

మిషన్ ఆగింది.

"నేల నువ్వే తుడవాలి," అంది అమ్మ. ఆమె గొంతూ చిరచిరలాడుతోంది. బంక అంటకుండా ఇంటిని పక్కకు జరపబోయి, వంగి లోపలికి చూసింది. "ఈ అద్దం దేనితో చేశావే?"

"చాక్లెట్ కాగితంతో. గోరుతో రుద్దితే అలా మెరుస్తుంది."

"నీకెవరు చెప్పారు?"

టపాకాయ అద్దం వైపు చూసింది. వాన పడి ఆటల పీరియడ్ పోయినప్పుడు, బెంచీ మీదికి వంగి గుసగుస చూపించింది. పాత బ్రష్ వెంట్రుకలతో చీపురు కట్టడం చూపించింది గుసగుసే. పెన్సిల్‌ను బిళ్లలుగా కోసి కంచాలు చేయడమూ గుసగుస దగ్గర నేర్చుకున్నదే.

"తనే," అంది చివరికి, కోపంగానే.

అమ్మ వెళ్లి మళ్లీ మిషన్ ముందు కూర్చుంది. టపాకాయ తడిగుడ్డ తెచ్చి నేల రుద్దింది. ఎంత రుద్దినా కోపం పోలేదు. కాకపోతే ఇప్పుడది గుసగుస మీద కాదు. అందుకే ఇంకా మంటగా ఉంది.

పొద్దున్నే టపాకాయ ఇంటిని తీసుకుని స్కూలుకు వెళ్లింది. హాల్లో టీచర్ దగ్గరగా నిలబడి, తక్కెడ గుసగుసకు తనే నేర్పానని నెమ్మదిగా చెప్పింది. టీచర్ ముఖం ముడుచుకుంది.

"నిన్న అందరికీ వినపడేలా అన్నావు కదా. ఇవాళా అలాగే చెప్పు."

టపాకాయ హాలు మధ్యకు వెళ్లింది. "తను దొంగిలించలేదు. తక్కెడ నేనే నేర్పాను. నా ఇంట్లో అద్దం, చీపురు, కంచాలు తను నేర్పినవి. నిన్న నేను అన్నవన్నీ తప్పు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. టపాకాయ చెవులు వేడెక్కాయి. అయినా వెనక్కి తిరగలేదు.

గుసగుస తలెత్తలేదు. టీచర్ ఏరి దాచిన ముక్కలు ముందేసుకుని, నేల మీద కూర్చుని కొట్టును మళ్లీ నిలబెడుతోంది. టపాకాయ వెళ్లి పక్కన కూర్చోబోయింది.

"నీ సాయం నాకక్కర్లేదు," అంది గుసగుస. ఈ మాట హాలు చివరిదాకా వినిపించింది.

ఎప్పటిలా అయితే టపాకాయ పేలిపోయేదే. ఇప్పుడు మాత్రం వెళ్లి, తన ఇంటిని బీరువా పక్కనే పెట్టుకుంది. తిరిగి వచ్చి కాస్త ఎడంగా కూర్చుంది. ఒకబ్బాయి తన బుల్లి ఓడను ముందు బల్ల మీది ఖాళీలో పెట్టబోయాడు. అక్కడ కూరగాయల కొట్టు వస్తుందని టపాకాయ చెప్పింది. అరవలేదు. వాడు ఓడను ఇంకో బల్ల మీద పెట్టుకున్నాడు.

చాలాసేపు గడిచింది. గుసగుస ఇటు చూడకుండానే ఒక అట్టముక్కను టపాకాయ వైపు జరిపింది. దాని మీద కొత్త టొమాటోలు వరుసగా ఉన్నాయి.

"రంగు ఆరలేదు. ఊదు." గొంతులో కోపం ఇంకా అలాగే ఉంది.

టపాకాయ వంగింది. ఒక్కటి కూడా ఎగిరిపోకుండా, మెల్లగా ఊదడం మొదలుపెట్టింది.