రెండు చుట్టూ గీసిన సున్నా

పొద్దున్న ఆరింటికే ఫుసాయే ఆసుపత్రి గుమ్మం దగ్గరున్న కాగితంలో కోడలు రొవీనా పేరు రాసి వచ్చింది. మోకాలు పట్టుకుని మెల్లగా కూర్చుంటూ, "అయినా పదకొండో నంబరే. ముసలాళ్ళకి నిద్రలుండవు కదా," అంది, తనకేదో పాతికేళ్ళయినట్టు. "ఆ సూప్ తాగు, వెళ్దాం."

రొవీనాకి సూప్ వాసనకే వికారంగా ఉంది. మూడు నెలలుగా ఏం తిన్నా కుడి డొక్కలో మెలిపెట్టేస్తోంది. బియ్యం బిస్కెట్ల ఫ్యాక్టరీలో ఎనిమిది గంటలు నిలబడే ఓపిక ఇక లేదు. ఇప్పటికి రెండుసార్లు చూపించుకుంటే రెండుసార్లూ అరుగుదల పొడి ఇచ్చి పంపేశారు.

ఫిలిప్పీన్స్ నుంచి ఈ ఇంటి కోడలిగా వచ్చి పదకొండేళ్ళు. జపనీస్ మాట్లాడటం వచ్చింది గానీ ఆ అక్షరాలే కొరుకుడు పడలేదు. మొగుడు లారీ నడుపుతాడు, వారానికోసారే ఇంటికొస్తాడు. అందుకని ఆసుపత్రి ఫారాలన్నీ అత్తగారే నింపుతుంది. డాక్టర్ కూడా రోగిని వదిలేసి అత్తగారినే అడుగుతాడు.

గుమ్మంలో తమ చెప్పులు విడిచి ఆసుపత్రి చెప్పులు వేసుకుని కూర్చున్నాక, ఫుసాయే నింపిన ఫారం బెంచీ మీద పెట్టి బాత్రూంకి వెళ్ళింది. రొవీనా దాన్ని ఊరికే చేతిలోకి తీసుకుంది. పేజీ మొత్తంలో ఆమె చదవగలిగినవి అంకెలే. ఏడుస్తున్న మొహం బొమ్మ దగ్గర పది, నవ్వు మొహం దగ్గర సున్నా. అత్తగారు రెండు చుట్టూ సున్నా చుట్టింది.

ఆమె తిరిగి రాగానే, "ఇదేంటత్తయ్యా?" అంది.

"నొప్పి ఎంతుందని. మెల్లగా మాట్లాడు, అందరూ చూస్తున్నారు."

"చూడనివ్వండి. కింద పడి దొర్లుతుంటే రెండా? పోయినసారీ ఇంతేనా?"

"తొమ్మిదీ పదీ అని రాస్తే కోడలు గోల చేస్తోందనుకోరూ? డాక్టర్ గారికి మాత్రం ఎంత శ్రమ!"

"కడుపెవరిదత్తయ్యా? మీదా, నాదా?" అంది రొవీనా. పదకొండేళ్ళలో ఆవిడకి ఎదురు చెప్పడం ఇదే మొదటిసారి.

ఫుసాయే చేతిరుమాలు మడత పెట్టింది, విప్పి మళ్ళీ మడత పెట్టింది. చివరికి, "మీ మామయ్యకీ నేనే రాశాను. రెండనే," అంది.

ఆయన పోయి ఆరేళ్ళు.

పదకొండో నంబరు పిలిచారు. డాక్టర్ అలవాటుగా ఫుసాయే వైపు తిరిగి, "ఎలా ఉందమ్మా?" అన్నాడు.

ఆవిడ కూర్చోలేదు. నడుం వంచి దండం పెట్టి, "నేను అబద్ధం రాశానండీ. తెల్లవారుజామున బాత్రూంలో గోడ పట్టుకుని ఏడుస్తుంది, నేను వింటూనే ఉన్నాను. ఇకనుంచి తననే అడగండి," అంది.

"తొమ్మిది," అంది రొవీనా.

గంటలో స్కానింగ్ తీశారు. పిత్తాశయంలో రాళ్ళు, వాపు కూడా ఉంది, ఇవాళే చేరాలన్నారు. ఫుసాయే మంచం పక్కన స్టూలు మీద కూర్చుంటూ మోకాలు పట్టుకుని పళ్ళు బిగబట్టింది. రొవీనా పక్కనున్న పెన్ను అందుకుంది.

"మీ మోకాలికి ఎంతత్తయ్యా?"

"ఏముందే, రెండు."

రొవీనా పెన్ను పట్టుకుని ఆవిడ మొహంలోకి చూసింది. ముసలామె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎనిమిది," అంది.